‘లాగిన్’లోకి దుంగ ఎలా వచ్చింది?

‘లాగ్ ఇన్’ అనే ఇంగ్లీషు జంటక్రియలోని లాగ్ ఎక్కడిది, తెలుగులో దాన్ని ఎలా అనాలి అని మన గుంపులో నిన్నటి నుంచి నడుస్తున్న చర్చ చూశాను. అందులోని లాగ్‌ను లాగరిథమ్‌తో ముడిపెట్టినవారు ఇద్దరు ముగ్గురున్నారు. లెక్కల్లోని లాగ్‌కూ దీనికీ చుట్టరికం లేదు. అది 1614లో స్కాట్లండ్ గణితవేత్త జాన్ నేపియర్ రెండు గ్రీకు మాటలు కలిపి ప్రకటించిన పదానికి కత్తిరింపు. లాగిన్‌లోని లాగ్ మాత్రం ఇంగ్లీషులో దుంగ అనే అర్థమున్న లాగే, అచ్చంగా దుంగే. అయితే అది సముద్రం మీదుగా కంప్యూటర్‌లోకి వచ్చింది.

నడిసముద్రంలో ఓడ ఎంత వేగంతో పోతోందో తెలిసేదెలా? పక్కన చెట్టూ లేదు, మైలురాయీ లేదు. తాడు కట్టిన చెక్కను ఓడ వెనక నుంచి నీళ్లలోకి విసిరేవారు. దాని పేరే లాగ్. 1574లో విలియం బోర్న్ అనే ఆయన నావికుల కోసం రాసిన ఇంగ్లీషు పుస్తకంలోనే ఈ పద్ధతి వర్ణన ఉంది. తర్వాతి కాలంలో దాన్ని పావు వృత్తం ఆకారపు పలకగా చేసి, నీళ్లలో నిటారుగా నిలబడేలా వంపు అంచుకు సీసం తాపేవారు. పలక ఉన్నచోటే ఉంటుంది, ఓడ ముందుకు పోతుంది, చుట్ట నుంచి తాడు జారుతుంది. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒకటి చొప్పున ముడులు. ఒకడు 28 సెకన్ల ఇసుక గడియారాన్ని తిప్పి పట్టుకునేవాడు. ఇసుక అయిపోగానే కేక వేస్తే, రెండోవాడు తాడును బిగించి పట్టేవాడు. అప్పటికి ఎన్ని ముడులు చెయ్యి దాటితే గంటకు అన్ని నాటికల్ మైళ్లు, అంటే సముద్రపు మైళ్లు. ఓడల వేగాన్ని ఇప్పటికీ ‘నాట్ల’లో చెప్పడం ఈ ముడుల వల్లే, ఇంగ్లీషులో నాట్ అంటే ముడే (వరి నాట్లు కావు లెండి).

వచ్చిన అంకెను అక్కడికక్కడే సుద్దతో ఒక పలక మీద రాసుకుని, తర్వాత పుస్తకంలోకి ఎక్కించేవారు. అదే లాగ్ బుక్. వేగంతో మొదలైన ఆ పుస్తకంలోకి గాలివాటం, దిక్కు, తుపాను, చావులు, శిక్షలు అన్నీ చేరాయి. దాంతో ‘లాగ్’ అంటే నమోదు చేయడం అనే క్రియ పుట్టింది. మన ప్రభుత్వ జీపుల్లో డ్రైవర్లు కిలోమీటర్లు రాసి, అధికారి చేత సంతకం పెట్టించుకునే లాగ్ బుక్ కూడా ఈ వంశానిదే.

ఇక కంప్యూటర్ సంగతి. అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసి చూపింది. అందులో లోపలికి రావడానికి కొట్టే ఆదేశం లాగిన్, పోయేటప్పుడు లాగౌట్. యంత్రం సమయం అప్పట్లో బంగారం. ఎవరి వాటా ఎంత, ఎంత వాడారు అన్న లెక్క ఉండాల్సిందే. అందుకే నా దృష్టిలో ఈ మాటలో తలుపు తీసుకుని లోపలికి పోవడం కన్నా ‘వచ్చినట్టు రాయించుకోవడం’ అన్న అర్థానిదే పైచేయి.

ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్‌లో వెళ్లిన మొదటి సందేశం కూడా ఈ మాటే కావలసింది. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి చార్లీ క్లైన్ అనే విద్యార్థి ‘లాగిన్’ అని కొట్టబోయాడు. ఎల్ వెళ్లింది, ఓ వెళ్లింది, మూడో అక్షరం దగ్గర అవతలి యంత్రం కుప్పకూలింది. అంటే చేరింది ‘లో’ ఒక్కటే. ఇంగ్లీషువారు ఇందులో ఏవేవో చమత్కారాలు వెతుక్కున్నారు గానీ, మన ‘లో’ ప్రత్యయం అక్కడ కుదిరినంతగా అవేవీ కుదరలేదు!

‘లాగిన్ అవు’ సరైనదా, ‘లాగిన్ చేయి’ సరైనదా అని చర్చలో ఒకరు అడిగారు. ఇంగ్లీషులో క్రియ రెండు మాటలు, నామవాచకం ఒక్క మాట. మనం నామవాచకాన్ని తెచ్చుకుని, పాస్ అవు, ఫెయిల్ అవు వరసలో ‘అవు’ తగిలించాం. తనంతట తాను చేరితే ‘లాగిన్ అయ్యాను’ బాగుంటుంది. ‘నాన్న ఫోనులో నేనే లాగిన్ చేసిపెట్టాను’ అన్నప్పుడు ‘చేయి’ తప్పదు. రెండూ ఉండనివ్వండి.

లాగిన్‌కు ‘ప్రవేశించండి’ అన్న అనువాదంతో నాకు పేచీ లేదు, మీట మీద రాయడానికి అది చాలు. కానీ సర్వర్ లాగ్ (సర్వర్ యంత్రం తనలో జరిగినవన్నీ రాసుకునే పట్టిక) అన్నప్పుడు ప్రవేశం పనికిరాదు. దానికి ‘చిట్టా’ ఉండగా కొత్త మాట కోసం నిఘంటువులు తిరగేయడం ఎందుకు? దుకాణంలో ఏ రోజు లావాదేవీ ఆ రోజు చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జా అనే ఖాతా పుస్తకానికి ఎక్కించేవారు. ఓడల మీద పలక నుంచి పుస్తకానికి ఎక్కించడమూ ఆ పనే.

‘బ్లాగు’ కూడా దీని బంధువేనా అన్నవారికి: అవును. 1997లో అమెరికాకు చెందిన జార్న్ బార్జర్ తన వెబ్‌సైటుకు వాడిన ‘వెబ్‌లాగ్’ను 1999లో పీటర్ మెర్‌హోల్జ్ సరదాకు ‘వీ బ్లాగ్’ అని విరిచాడు. ముందు సగం రాలిపోయి బ్లాగ్ మిగిలింది. మనం దానికి ఉకారం చేర్చి బ్లాగు, బ్లాగులు, బ్లాగుల్లో అంటూ విభక్తులన్నీ తగిలించేసుకున్నాం.