మెడ పట్టేయడమా, పట్టు సడలడమా?

బొబ్బిలి సభ్యురాలు: కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్) ఉన్నవారి కోసం కరపత్రం రాస్తున్నాను. ఆ జబ్బులో మెడపూసలు కుదురు తప్పడాన్ని 'గ్రీవా కశేరుక అస్థిరత' అని రాస్తే మా అత్తగారు "ఈ రోగం ఎవరికొచ్చిందమ్మా?" అని అడిగారు. ఆవిడకే ఎన్నో ఏళ్లుగా కీళ్లవాతం! వాడుకమాట చెప్పండి.

శ్రీకాకుళం మాస్టారు: గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట మా జిల్లాలోదే. ఇక్కడ గ్రాంథికం చెల్లదమ్మా. 'మెడ పట్టేసింది' ఉండనే ఉంది కదా!

టెక్కలి ఫిజియోథెరపిస్టు: మాస్టారూ, అది పూర్తిగా తిరగబడిన మాటండీ. పట్టేయడమంటే కండరం బిగుసుకోవడం. ఇక్కడ జరిగేది బిగువు పోవడం. మెడలో మొదటి పూస ఉంగరంలా ఉంటుంది. రెండో పూస నుంచి పన్నులాంటి మొన అందులోకి లేస్తుంది. ఒక లిగమెంటు ఆ మొనను వెనక నుంచి అడ్డంగా కట్టి ఉంచుతుంది. కీళ్లవాతంలో వాచిన కీలుపొర ఆ లిగమెంటును, ఒక్కోసారి మొననూ తినేస్తుంది. అప్పుడు తల వంచితే మొదటి పూస ముందుకు జారుతుంది. పెద్దవారిలో ఉంగరం ముందు భాగానికీ మొనకూ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. మొన వెనక వెన్నుపాముకు మిగిలే చోటు 14 మిల్లీమీటర్లకు తగ్గితే ముప్పే. మామూలు ఎక్స్‌రేలో తేడా కనబడకపోవచ్చు, డాక్టరు చెప్పినట్టు తల వంచి, ఎత్తి తీయించాలి. మీరు 'పట్టేసింది' అని రాస్తే, చదివినవారు సెలూన్‌కు వెళ్లి మెడ విరిపించుకుంటారు!

విజయనగరం సభ్యురాలు: చంటిపిల్లలకు 'మెడ నిలిచింది' అంటాం కదా. 'మెడ నిలవకపోవడం' అంటే?

టెక్కలి: తల వాలిపోతుందనుకుంటారండీ. తల నిలిచే ఉంటుంది, జారేది లోపలి పూస.

మాస్టారు: 'పూస జారడం' అంటే డిస్కు జారిందనుకుంటారు. 'మెడపూసల పట్టు సడలడం' అనండి. ఒప్పుకున్నాను, నా మాట వెనక్కి.

టెక్కలి: బాగుంది. కింది పూసలు మెట్లలా జరిగితే 'వరుస తప్పడం' అనవచ్చు. పేరుకన్నా లక్షణాలు పెద్ద అక్షరాల్లో వేయండి: తల వెనక నొప్పి, మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టుండటం, నడక తూలడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకు కీళ్లవాతం సంగతి ముందే చెప్పాలి. ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసేటప్పుడు మెడ వంచుతారు.

బొబ్బిలి: అత్తగారికి చదివి వినిపించాను. చొక్కా గుండీలతో పాటు జాకెట్టు హుక్కులు కూడా రాయమన్నారు.