ప్రవాహం తగ్గేకొద్దీ ఫ్లోమీటర్ ఎక్కువ చూపుతోంది: లోపం మీటరులోనా, పైపులోనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక రసాయన కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. శుద్ధిచేసిన నీటిని నిల్వ ట్యాంకుకు పంపే 150 మిల్లీమీటర్ల లైనులో ఎనిమిది నెలల క్రితం ఒక విద్యుదయస్కాంత ఫ్లోమీటర్ అమర్చాము. దాని రేంజి గంటకు 0 నుంచి 120 ఘనమీటర్లు, అవుట్‌పుట్ 4–20 మిల్లీఆంపియర్లు, లోపలి లైనింగ్ పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్). నీటి విద్యుద్వాహకత సెంటీమీటరుకు దాదాపు 400 మైక్రోసీమెన్స్ ఉంటుంది, ఈ రకం మీటరుకు అది చాలు కనుక ఆ విషయంలో సందేహం అక్కర్లేదు. ఎర్తింగ్ రింగులు (నీటిని భూమికి కలిపే లోహపు వలయాలు) రెండు వైపులా వేశాము. మీటరుకు ముందు రెండు మీటర్లకు పైగా తిన్నని పైపు ఉంది.

ఈ మీటర్ రీడింగును బట్టి ఒక డోసింగ్ పంపు సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని కలుపుతుంది. ప్రవాహం ఎక్కువగా ఉన్న వేళల్లో క్లోరిన్ మోతాదు సరిగ్గానే ఉంటోంది. రాత్రిపూట ప్రవాహం తగ్గించినప్పుడు మాత్రం ట్యాంకు నీటిలో క్లోరిన్ ఉండవలసినదానికన్నా ఎక్కువగా వస్తోంది. డోసింగ్ పంపును విప్పి చూసి, దానిలో లోపమేమీ లేదని తేలాక మీటరును అనుమానించి, ట్యాంకు మట్టంతో పోల్చి చూశాను. ట్యాంకు వ్యాసం 4 మీటర్లు. బయటికి పోయే వాల్వు మూసి, టేపుతో 15 నిమిషాలకు మట్టం ఎంత పెరిగిందో కొలిచాను. పెరుగుదల 1.69 మీటర్లు ఉన్నప్పుడు, అంటే గంటకు 85 ఘనమీటర్లు వస్తున్నప్పుడు, మీటర్ 88 చూపింది. పెరుగుదల 1.23 మీటర్లు, అంటే 62 ఘనమీటర్లు ఉన్నప్పుడు 71 చూపింది. 80 సెంటీమీటర్లు మాత్రమే పెరిగినప్పుడు అసలు ప్రవాహం 40 కాగా మీటర్ 51 చూపింది.

సరఫరాదారు మనుషులు వచ్చి, పరికరంతో పరీక్షించి, ఎలక్ట్రానిక్ భాగమంతా బాగానే ఉందని రాసిచ్చి వెళ్లారు. తక్కువ ప్రవాహంలో రీడింగు బాగా ఊగుతోందని మా షిఫ్టువారు డ్యాంపింగును (రీడింగును సగటు చేసి నిలకడపరిచే సమయాన్ని) 3 సెకన్ల నుంచి 20 సెకన్లకు పెంచారు. ఇప్పుడు రీడింగు నిలకడగా ఉంది, కాని తప్పు తప్పుగానే ఉంది. క్యాలిబ్రేషన్ ఫ్యాక్టరును కాస్త తగ్గించి సరిపెట్టుకోమని ఒకరు, మీటరునే మార్చమని మరొకరు సలహా ఇస్తున్నారు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

మొదటి సమాధానం

ముందుగా మిమ్మల్ని మెచ్చుకోవాలి. మూడు వేర్వేరు ప్రవాహాల వద్ద కొలిచి అంకెలు ఇచ్చారు. చాలామంది ఒకే ఒక్క రీడింగు పట్టుకుని "మీటర్ తప్పు చూపుతోంది" అని రాస్తారు, దానితో ఎవరూ ఏమీ చెప్పలేరు.

లూపును, అంటే మీటరు నుంచి కంట్రోల్ రూముకు మిల్లీఆంపియర్లను మోసే తీగల వలయాన్ని, ఒకసారి చూడండి. గంటకు 88 ఘనమీటర్ల వద్ద 15.73 మిల్లీఆంపియర్లు, 51 వద్ద 10.8 రావాలి. 250 ఓముల రెసిస్టరు మీద కొలిస్తే రెండవది 2.7 వోల్టులు. మీటరు తెర మీది అంకె, మిల్లీఆంపియర్లు, కంట్రోల్ రూములో కనిపించే అంకె ఈ మూడూ ఏకీభవిస్తే తీగల వైపు పని ముగిసినట్లే.

అయితే లోపం అక్కడ ఉండదని నా అంచనా. మీటరులో ఒక రేంజి, డీసీఎస్‌లో (కంట్రోల్ రూములోని కంప్యూటర్ నియంత్రణ వ్యవస్థలో) మరొక రేంజి పెట్టినప్పుడు తప్పు అన్ని ప్రవాహాల వద్దా ఒకే నిష్పత్తిలో ఉంటుంది. మీ నిష్పత్తులు 1.035, 1.145, 1.275 అని మారుతున్నాయి. జీరో (ప్రవాహం లేనప్పటి రీడింగు) జరిగి ఉంటే తేడా అంతటా ఒకే అంకెగా ఉండాలి. మీకు 3, 9, 11 అని వస్తోంది. ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు లీకవుతున్నా తేడా దాదాపు ఒకేలా ఉండేది కాబట్టి మీ ట్యాంకు కొలతనూ శంకించనక్కర్లేదు. జీరో కాదు, స్పాన్ (రేంజి అమరిక) కాదు. పైపు మీటరు దాటాక ఎటు పోతుందో, ట్యాంకులోకి ఎలా చేరుతుందో, కంట్రోల్ వాల్వు ఎక్కడ ఉందో మీరు రాయలేదు. అది చెప్పండి.

రెండవ సమాధానం

మా దగ్గర సరిగ్గా ఇలాంటి లక్షణమే కనిపించింది. అక్కడ ఉన్నది ఆరిఫిస్ ప్లేటు (పైపులో అడ్డంగా పెట్టే రంధ్రమున్న పలక), దానికి రెండు వైపులా ఉన్న పీడన వ్యత్యాసాన్ని కొలిచే డీపీ ట్రాన్స్‌మిటర్. ఆరిఫిస్‌లో ప్రవాహం పీడన వ్యత్యాసపు వర్గమూలాన్ని అనుసరిస్తుందని తెలిసినదే. ఆ వర్గమూలాన్ని ట్రాన్స్‌మిటరులో ఒకసారి, డీసీఎస్‌లో మరొకసారి తీశారు. పూర్తి ప్రవాహం వద్ద అంతా సరిగ్గా ఉండేది, సగం ప్రవాహం వద్ద 71 శాతం చూపేది, పాతిక శాతం వద్ద ఏకంగా 50 చూపేది. కారణం తెలుసుకోవడానికి మాకు రెండు వారాలు పట్టింది. మీ లైనులో ఇంతకుముందు ఆరిఫిస్ ఉండి, అదే ఛానెలుకు కొత్త మీటరును కలిపి ఉంటే, పాత వర్గమూలం అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. అది కాకపోతే, పైపు మీద బిగించే అల్ట్రాసోనిక్ మీటరుకు మారడం మేలు. పైపు కోయనక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారి వివరణ

ఇద్దరికీ ధన్యవాదాలు. లూపు చూశాను. తెర మీద 51 ఉన్నప్పుడు 10.8 మిల్లీఆంపియర్లు వచ్చాయి, డీసీఎస్‌లోనూ 51 ఉంది. అంటే మీటరు తెర మీదనే తప్పు అంకె వస్తోంది.

పైపు దారి ఇది. నేలమట్టంలోని పంపు నుంచి లైను నిలువుగా ఆరు మీటర్లు పైకి లేచి, పైపు ర్యాక్ మీదికి వచ్చి అడ్డంగా సాగుతుంది. ఆ అడ్డపు భాగంలో మొదట కంట్రోల్ వాల్వు, తరువాత మీటరు ఉన్నాయి. మీటరు దాటిన రెండు మీటర్లకు ఒక బటర్‌ఫ్లై వాల్వు ఉంది, అది ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది. అక్కడి నుంచి పైపు కిందికి వంగి, ట్యాంకు పై కప్పు గుండా లోపలికి దిగి, నీటికి తగలకుండా పైననే ఆగిపోతుంది. నీరు ధారగా పడుతుంది.

మూడవ సమాధానం

రోగం మీ చివరి పేరాలోనే ఉంది. మీ మీటరు అబద్ధం చెప్పడం లేదు. దాని గొట్టం నిండడం లేదు.

రెండవ మిత్రుని ఊహను ముందు పరిశీలిద్దాం, ఎందుకంటే లక్షణం చూడటానికి నిజంగానే అలాగే ఉంది. మూలం అదనంగా తీస్తున్నారనుకుంటే, 120లో 40 అంటే 33.3 శాతం, దాని వర్గమూలం 57.7 శాతం, అంటే మీకు 69 కనిపించాలి. 85 వద్ద 101 కనిపించాలి. మీ అంకెలు వాటి దరిదాపుల్లో లేవు. పైగా తప్పు మీటరు తెర మీదనే ఉందని ఇప్పుడు తేలింది. విద్యుదయస్కాంత మీటరు సంకేతం వేగానికి నేరుగా అనుపాతంలో ఉంటుంది కాబట్టి అందులో మూలం తీయవలసిన పనే లేదు.

ఇక అసలు సంగతి. అయస్కాంత క్షేత్రంలో కదిలే నీటిలో ఒక వోల్టేజి పుడుతుంది. అది క్షేత్ర బలం, గొట్టం వ్యాసం, నీటి సగటు వేగం ఈ మూడింటి లబ్ధం. (ఫారడే 1832లో వాటర్లూ వంతెన దగ్గర థేమ్స్ నదిలో ఎలక్ట్రోడ్లు దింపి, భూమి అయస్కాంత క్షేత్రంతోనే ఈ వోల్టేజిని పట్టుకోవాలని ప్రయత్నించి విఫలుడయ్యాడు. మనకు కాయిళ్లున్నాయి, మంచి యాంప్లిఫయర్లున్నాయి, కనుక బతికిపోయాము.) మీటరు కొలిచేది వేగాన్ని మాత్రమే. దానిని ఘనమీటర్లుగా మార్చేందుకు గొట్టపు పూర్తి అడ్డుకోత వైశాల్యంతో, మీ విషయంలో 0.0177 చదరపు మీటర్లతో, గుణిస్తుంది. గొట్టం పూర్తిగా నిండి ఉందని అది ముందే నమ్మేసింది. ఆ నమ్మకం తప్పిందని దానికి తెలిసే మార్గం చాలా మీటర్లలో లేదు.

మీ 40 ఘనమీటర్ల పరీక్షను తీసుకోండి. గొట్టం నిండి ఉంటే వేగం సెకనుకు 0.63 మీటర్లు ఉండాలి. మీటరు 51 చూపిందంటే అది 0.80 మీటర్ల వేగాన్ని చూసింది. 40ని 51తో భాగిస్తే 0.78 వస్తుంది, అంటే వైశాల్యంలో సుమారు 78 శాతమే నీరు. ఆ లెక్కన పైన దాదాపు 40 మిల్లీమీటర్ల గాలి పొర ఉన్నట్లు. పాక్షికంగా నిండిన గొట్టంలో మీటరు స్పందన కూడా కొంత మారుతుంది కనుక దీన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. ఆ వోల్టేజిని పట్టుకునే ఎలక్ట్రోడ్లు ఉన్నది గొట్టం నడి ఎత్తులో, అడుగు నుంచి 75 మిల్లీమీటర్ల దగ్గర. వాటి మీద ఇంకా మూడున్నర సెంటీమీటర్ల నీరు ఉంది. అందుకే ఖాళీ గొట్టం అలారం మోగలేదు. ఎలక్ట్రోడ్లు తడిసి ఉన్నంతసేపూ ఆ అలారానికి గొట్టం నిండుగా ఉన్నట్లే లెక్క. పైభాగంలో ప్రత్యేకంగా మరొక ఎలక్ట్రోడు ఉన్న నమూనాలు దీనిని పట్టుకోగలవు, మీది ఆ రకమో కాదో చూసుకోండి.

ప్రవాహం ఎక్కువగా ఉన్నప్పుడు నీరు తన ఉరవడితో గాలిని నెట్టుకుపోయి గొట్టాన్ని దాదాపు నింపేస్తుంది. తగ్గించిన కొద్దీ, అవతల అడ్డేమీ లేదు కనుక, నీరు పైపు అంచు నుంచి ఏతం బాన ఒలికినట్లు జారిపోతుంది. దానికి తోడు కంట్రోల్ వాల్వు మీటరుకు ముందు ఉంది. వాల్వు బిగించే కొద్దీ దాని తరువాత, మీటరు వైపు ఉన్న భాగం మరింత ఖాళీ అవుతుంది. రాత్రిపూట మీరు చేస్తున్నది అదే. రీడింగు ఊగడం కూడా ఇందులో భాగమే, నీటి ఉపరితలం అలలుగా కదులుతోంది, గాలి బుడగలు ఎలక్ట్రోడ్లను తాకుతూ పోతున్నాయి. డ్యాంపింగును 20 సెకన్లకు పెంచడమంటే సాక్షి నోరు నొక్కడమే. దయచేసి దానిని తిరిగి 3కు తీసుకురండి, ఆ ఊగిసలాటే మీకు మొదటి హెచ్చరిక.

రుజువుకు పెద్ద ఖర్చు లేదు. కంట్రోలరును మాన్యువల్‌లో పెట్టండి, లేకపోతే మీరు చేసే ప్రతి మార్పునూ అది తప్పు రీడింగును పట్టుకుని సరిదిద్దడానికి పూనుకుంటుంది. డోసింగునూ మాన్యువల్‌లోకి మార్చండి. ఆ తరువాత ట్యాంకు వైపున్న బటర్‌ఫ్లై వాల్వును మెల్లగా మూస్తూ, కంట్రోల్ వాల్వును తెరుస్తూ, ట్యాంకులోకి అదే 40 ఘనమీటర్లు వచ్చేలా చూడండి. అడ్డు ఇప్పుడు మీటరు అవతలికి మారింది కాబట్టి గొట్టం నిండుతుంది. అప్పుడు మీటరు, ట్యాంకు ఏకీభవిస్తే సందేహానికి తావుండదు.

క్యాలిబ్రేషన్ ఫ్యాక్టరు జోలికి మాత్రం వెళ్లకండి. దానిని 51 నుంచి 40కి సరిపడేలా తగ్గిస్తే, 85 వద్ద మీటరు 69 చూపుతుంది, పగటిపూట క్లోరిన్ తక్కువవుతుంది. అల్ట్రాసోనిక్ మీటరు వల్ల కూడా ప్రయోజనం లేదు. అది కూడా వేగాన్ని కొలిచి పూర్తి వైశాల్యంతో గుణించేదే, గాలి పొర అడ్డుపడితే సంకేతమే పోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

నిన్న పరీక్ష చేశాను. బటర్‌ఫ్లై వాల్వును సగానికి పైగా మూసి, 15 నిమిషాల్లో మట్టం 80 సెంటీమీటర్లు పెరిగేలా సర్దాను. మీటరు 40.4 చూపింది. డ్యాంపింగ్ 3 సెకన్లకు తగ్గించినా అంకె కదలలేదు. పక్కన నిలబడిన ఫిట్టరు ఒక మాట చెప్పాడు: ఇంతకుముందు ఆ పైపు దగ్గర గలగలమని చప్పుడు వినిపించేదట, ఇప్పుడు నిశ్శబ్దంగా ఉందట. ఎనిమిది నెలలుగా ఆ చప్పుడు వింటూనే ఉన్నాము, ఎవరూ అడగలేదు.

వాల్వును ఇలా సగం మూసి ఉంచడం శాశ్వత పరిష్కారం కాదని తెలుసు. వచ్చే షట్‌డౌనులో మీటరును ఎక్కడికి మార్చాలి?

మూడవ సమాధానం ఇచ్చినవారు

పంపు నుంచి పైకి లేచే ఆ ఆరు మీటర్ల నిలువు పైపులోకి మార్చండి. నీరు కింది నుంచి పైకి పోతున్నంతసేపు, వాల్వు ఎంత బిగించినా గొట్టం నిండే ఉంటుంది, గాలి ఉన్నా పైకి తేలిపోతుంది, మడ్డి ఉన్నా ఎలక్ట్రోడ్ల మీద పేరుకోదు. కంట్రోల్ వాల్వు దానంతట అదే మీటరు అవతలికి వస్తుంది, అది అదనపు లాభం. కింది ఎల్బో నుంచి మీటరు వరకు కనీసం 750 మిల్లీమీటర్లు, అంటే అయిదు వ్యాసాలు, తిన్నని పైపు ఉంచండి. పైన 450 మిల్లీమీటర్లు సరిపోతాయి. పంపు పక్కనే చెక్ వాల్వు (నీరు వెనక్కి రాకుండా ఆపేది) ఉంటే ఆ దూరాన్ని దాని నుంచి కొలవండి, ఇంకా వీలైతే పది వ్యాసాలు ఇవ్వండి.

నిలువు పైపులో చోటు లేకపోతే ఉన్నచోటే మీటరును ఒక యూ ఆకారపు దిగువ వంపులో కూర్చోబెట్టవచ్చు. అలా చేస్తే ఆ వంపు అడుగున ఒక డ్రెయిన్ వాల్వు పెట్టడం మరవకండి.

బిగించేటప్పుడు గ్యాస్కెట్ గొట్టం లోపలికి పొడుచుకురాకుండా చూడండి. బోల్టులను ఎదురెదురుగా, చెప్పిన టార్కుకు మించకుండా బిగించండి, ఎందుకంటే పీటీఎఫ్‌ఈ లైనింగ్ అంచు ఒకసారి నలిగితే బాగుచేయడానికి వీలుండదు. ఎర్తింగ్ రింగుల తీగలను రెండు వైపులా మళ్లీ కలిపారో లేదో మీరే స్వయంగా చూసుకోండి. మీటరును అమర్చాక గొట్టం నిండా నీరు ఉంచి, ప్రవాహం పూర్తిగా ఆపి, జీరో ఒకసారి చూసిన తరువాతనే డోసింగును ఆటోలో పెట్టండి. అప్పటివరకు రాత్రి షిఫ్టుకు డోసింగు మోతాదును ట్యాంకు మట్టం లెక్క ప్రకారం చేత్తోనే పెట్టమని లాగ్‌బుక్కులో రాసిపెట్టండి.