సెంటర్ మెయిన్ గ్లాస్ డోర్ ధడేల్మని కొట్టుకుంటోంది, మొత్తం మార్చాలా? బరంపురం

సిల్క్‌సిటీ తెలుగు:
అందరికీ నమస్కారం. మాది బరంపురం, మెడికల్ కాలేజీ వైపు మా బావగారికి డయాగ్నోస్టిక్ సెంటర్ ఉంది, బిల్డింగ్ పనులన్నీ నేనే చూస్తాను. పొద్దున్నే ఫాస్టింగ్ శాంపిల్స్‌కి లైన్ మొదలైతే రాత్రి దాకా జనం వస్తూనే ఉంటారు, ఛత్రపురం, పర్లాకిమిడి, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా. ముందువైపు 12 ఎంఎం టఫెన్డ్ గ్లాస్ డోర్, ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, కింద ఫ్లోర్ స్ప్రింగ్ (నేలలో పాతి ఉండి తలుపుని దానంతటదే మూసేది). ఈ వానలు పట్టిన దగ్గర్నుంచి చెయ్యి వదిలితే చాలు ధడేల్మని వచ్చి కొడుతోంది, నిన్న ఒక పెద్దావిడ సంచి మధ్యలో నలిగిపోయింది, ఆవిడ చెయ్యే పడి ఉంటే ఏమయ్యేదో. మిస్త్రీని పిలిస్తే ఇలా చూసి అలా "అయిపోయింది బాబూ, గ్లాసుతో సహా సెట్టు మొత్తం మార్చెయ్యండి" అనేశాడు. స్ప్రింగ్ పక్కన టైల్ మీద జిడ్డు మరక కనపడుతోంది. ఇంకోటి, వెనక చెక్క డోర్ అడుగున ఉబ్బిపోయి నేలకి రాసుకుంటోంది, తంతే గానీ రాదు, అందుకని స్టాఫ్ లోపల్నుంచి తాళం వేసేసి దాన్ని వాడటమే మానేశారు. రెండూ మార్చెయ్యాలా, బాగు చేయించుకోవచ్చా? తెలిసినోళ్లు చెప్పండి.

గాజుపని విశాఖ:
గ్లాసు జోలికి వెళ్లకండి సార్. గ్లాసు అరగదు, అంచు దెబ్బతిననంత వరకు అది అలాగే ఉంటుంది. అరిగేది కింద స్ప్రింగు. జిడ్డు మరక అన్నారు చూడండి, సంగతి అక్కడే ఉంది. ఫ్లోర్ స్ప్రింగ్ లోపల ఆయిల్ ఉంటుంది, తలుపు మూసుకునేటప్పుడు అది సన్నటి దారిలోంచి మెల్లిగా వెళ్తుంది కాబట్టే తలుపు నిదానంగా వస్తుంది, సీలు పోయి ఆయిల్ కారిపోతే స్ప్రింగు లాగే లాగుడే మిగుల్తుంది, ఆపేది ఉండదు. అయినా ముందు కవర్ ప్లేట్ విప్పి చూడండి. పైన రెండు చిన్న స్క్రూలు ఉంటాయి, మామూలుగా ఒకటి మూసుకునే స్పీడుది, రెండోది ఆఖరి కొంచెం దూరానికి. ఒక్కోదాన్ని పావు చుట్టు బిగించి తలుపు వదిలి చూడండి. పూర్తిగా మాత్రం విప్పకండి, ఆయిల్ పైకి చిమ్మేస్తుంది. తొంభై డిగ్రీల లోపు వదిలితే ఐదారు సెకన్లలో వచ్చి ఆగితే బాగున్నట్టు. స్క్రూ తిప్పినా తేడా రాకపోతే, స్పిండిల్ (తలుపు తిరిగే ఇరుసు) చుట్టూ తడిగా ఉంటే, యూనిట్ మార్చడమే. కొంతమంది విప్పి ఇంజన్ ఆయిల్ పోసి ఇస్తామంటారు, సీలు పోయినదానిలో ఏం పోసినా మళ్లీ బయటికే వస్తుంది, దానికి డబ్బులివ్వకండి.

కొత్తది కొనేటప్పుడు బరువు లెక్కేసుకుని వెళ్లండి. 12 ఎంఎం గ్లాసు చదరపు మీటరుకి 30 కిలోలు, మీ తలుపు 68 కిలోల దాకా వస్తుంది, ఫిట్టింగులతో 70 దాటుతుంది. రోజంతా జనం తిరిగే చోట 70కి 70 తీసుకుంటే త్వరగా పోతుంది, 100 కిలోలు పైబడిన రేటింగుది తీసుకోండి, దాని మీద వెడల్పు ఎంతవరకో కూడా రాసి ఉంటుంది, మీది 1067 మిల్లీమీటర్లు. తలుపు దించేటప్పుడు ముగ్గురు ఉండాలి, కింద చెక్క ముక్కలు వేసి వాటి మీదే ఆనించాలి. టఫెన్డ్ గ్లాసు మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది గానీ మూల టైల్‌కి తగిలితే మొత్తం పొడి పొడిగా రాలిపోతుంది. తర్వాత కోయడానికీ, బెజ్జం వేయడానికీ కుదరదు కాబట్టి కొత్త గ్లాసంటే కొలిచి ఆర్డరిచ్చి ఆగాలి, అన్నాళ్లు సెంటర్ తెరిచి పెట్టుకుంటారా?

గోపాల్‌పూర్ లాడ్జి:
పైన చెప్పింది కరెక్టు. దానికి ఇంకోటి కలుపుతాను, మాది సముద్రం ఒడ్డు కాబట్టి ఇది రోజూ చూసేదే. స్ప్రింగు వాడకం వల్ల కంటే తుడుపు నీళ్ల వల్ల ఎక్కువ పోతుంది. మాప్ పిండకుండా తలుపు దగ్గరే లాగుతారు, ఆ నీళ్లు, ఫినాయిలు, ఇసక అన్నీ కవర్ ప్లేట్ సందులోంచి స్ప్రింగు కూర్చునే బాక్సులోకి దిగి అక్కడే ఊరతాయి. టైల్ మరకలకి యాసిడ్ పోస్తే మరీ ఘోరం, స్టీలు ప్లేట్ మీద కూడా చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. కొత్తది వేసేటప్పుడు బాక్సు చుట్టూ నీళ్లు దిగకుండా కాంపౌండ్ పోయించండి, ప్లేట్, హ్యాండిల్ దొరికితే 316 గ్రేడు స్టీలువి అడగండి, ఉప్పుగాలికి 304 కంటే అదే ఆగుతుంది. నెలకోసారి ప్లేట్ తీసి ఇసక ఊడిపించి, ప్యాచ్ ఫిట్టింగుల (గ్లాసు మూలల్ని పట్టుకునే స్టీలు బిళ్లలు) బోల్టులు చూడమని వాచ్‌మన్‌కి నేర్పండి. ఇంకా తుఫాను రోజుల్లో ఒక్క మధ్య లాక్‌ని నమ్ముకోవద్దు, పైనా కిందా బోల్టులు పడాల్సిందే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ గాలి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

పర్లా కుర్రోడు:
ఇదంతా ఎందుకన్నా, సెన్సార్ స్లైడింగ్ డోర్ పెట్టించెయ్, స్ట్రెచర్ కూడా సుఖంగా వెళ్తది, కొట్టుకునే గోలే ఉండదు.

గాజుపని విశాఖ:
స్లైడింగ్ మంచిదే తమ్ముడూ, కాకపోతే తెరుచుకున్నప్పుడు పలక పక్కకి వెళ్లడానికి దాదాపు తలుపంత గోడ ఖాళీ కావాలి, కరెంటు పోతే తెరుచుకోవడానికి బ్యాటరీ ఉండాలి, చేత్తో తోస్తే జరగాలి. ఇవి చూడకుండా పెట్టించుకోవద్దు.

ఇచ్ఛాపురం సివిల్:
అందరూ ముందు తలుపు గురించే మాట్లాడుతున్నారు, నాకు భయమేస్తున్నది వెనక తలుపు గురించి. అన్నా, పేషెంట్లు ఉండే బిల్డింగులో రెండో దారికి తాళం ఏటి? ఏసీలో షార్ట్ సర్క్యూట్ అయి రిసెప్షన్ దగ్గర పొగ లేస్తే పైఅంతస్తు జనం ఎలగ దిగుతారు, తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఎవడు వెతుకుతాడు? నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చూడండి, బయటికెళ్లే తలుపు లోపల్నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి, వెడల్పు మీటరుకి తగ్గకూడదు. ఈరోజే ఆ తాళం తీయించెయ్యండి, బాగుచేయడం తర్వాత. దొంగల భయం ఉంటే పానిక్ బార్ వేయించండి, లోపల్నుంచి నొక్కితే తెరుచుకుంటుంది, బయట్నుంచి రాదు.

ఉబ్బడం గురించైతే, తలుపు ఊడదీసి అడుగు అంచు మీద వేలు పెట్టి చూడండి, నూటికి తొంభై చోట్ల అక్కడ పెయింటే ఉండదు, బిగించాక ఎవరికీ కనపడదని వదిలేస్తారు. నీళ్లు ఎక్కేది అక్కడే. పొరలు విడిపోకపోతే బాగా ఆరబెట్టి చిత్రిక పట్టి, అడుగూ పైఅంచూ రెండు కోట్లు ప్రైమరు, పెయింటు వేయించి, కింద స్టీలు కిక్ ప్లేట్ కొట్టించండి. పొరలు ఊడి మెత్తబడితే మాత్రం కొత్తది కొనాల్సిందే, అప్పుడు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. కబ్జాలు బాల్ బేరింగువి, పైభాగంలో రెండు దగ్గర దగ్గరగా వెయ్యండి, తలుపు లాగే లాగుడు ఎక్కువగా పైదాని మీదే పడుతుంది.

సిల్క్‌సిటీ తెలుగు:
వెనక తాళం ఇప్పుడే తీయించేశాను, స్టాఫ్‌కి కూడా గట్టిగా చెప్పాను, మీరు అనేవరకు ఆ ఆలోచనే రాలేదు, థాంక్సండీ. ముందు తలుపు ప్లేట్ విప్పితే బాక్సు నిండా నల్లటి నీళ్లు, స్పిండిల్ చుట్టూ ఆయిల్. స్క్రూలు తిప్పినా తేడా లేదు. విశాఖ గారూ, కొత్త యూనిట్ పాత బాక్సులోనే కూర్చుంటుందా, ఫ్లోర్ పగలగొట్టాలా?

గాజుపని విశాఖ:
అదే కంపెనీ అదే మోడల్ అయితే చాలావరకు కూర్చుంటుంది. వేరేదైతే బాక్సు పొడవు, వెడల్పు, లోతు, స్పిండిల్ మధ్య నుంచి ఫ్రేము దాకా దూరం, ఈ నాలుగూ కొలిచి ఫొటోతో పెట్టండి, చూసి చెప్తాను. అప్పటిదాకా తలుపు తొంభై డిగ్రీల్లో తెరిచిపెట్టి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి, ఊరికే ఇటుక అడ్డం పెట్టొద్దు, అంచుకి తగులుతుంది.