కంబాలకొండలో క్షణకాలం కనిపించిన పక్షిని గుర్తించడంలో సహాయం కావాలి

జూన్ మొదటి వారంలో, ముందురోజు రాత్రి వాన పడిన తరువాత, ఉదయం ఆరు గంటల ప్రాంతంలో విశాఖపట్నం కంబాలకొండ అభయారణ్యంలో నడుస్తుండగా, ఎండిన వాగు పక్కన రాలిన ఆకుల మధ్య ఒక పక్షి నాలుగైదు సెకన్లు మాత్రమే కనిపించి పొదల్లోకి మాయమైంది. కెమెరా సంచిలోనే ఉండిపోయింది.

పరిమాణంలో గోరువంక కంటె కొంచెం చిన్నది. తోక ఎంత పొట్టిదంటే మొదట విరిగిపోయిందేమో అనుకున్నాను. వీపు ఆకుపచ్చగా, పొట్ట లేత గోధుమరంగులో ఉండగా, కంటి మీదుగా వెడల్పాటి నల్లని పట్టీ స్పష్టంగా కనిపించింది. తోక కింది భాగం ఎర్రగా ఉన్నట్లు తోచింది గాని, ఆ వెలుతురులో నా కళ్లను పూర్తిగా నమ్మలేను.

లకుముకిపిట్ట అనుకుందామంటే ముక్కు అంత పొడవుగా లేదు, పైగా ఇది నేలమీద గెంతుతూ ఆకులను తిరగేస్తోంది. పాలపిట్ట ఇంతకంటె చాలా పెద్దది. హిందీలో నవరంగ్ అని పిలిచే ఇండియన్ పిట్టా అయి ఉండవచ్చునని నా అనుమానం. అది చలికాలం దక్షిణాదిలోను శ్రీలంకలోను గడిపి, వానలకు ముందు ఉత్తరంగా తరలిపోతుందని చదివాను.

అదే అయితే, జూన్‌లో ఇక్కడ కనిపించినది దారిలో ఆగిన పక్షా, లేక మన తూర్పు కనుమల్లో గూడు కట్టుకునేదా? తెల్లవారుజామున వినిపించే దాని రెండు స్వరాల ఈలను ఈ కొండల్లో విన్నవారు ఉంటే దయచేసి ఏ నెలలో విన్నారో తెలియజేయగలరు.