ఇరుక్కున్న వాల్వ్‌ని కొట్టి తీయొచ్చా? అసలు తీయాలా? (పెయింట్‌బాల్ మార్కర్)

డాలస్_శనివారం

అన్నలూ, ఒక తగువు తీర్చండి. మా రూమ్మేటూ నేనూ మూడు రోజులుగా దీని మీదే వాదించుకుంటున్నాం.

పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఒక మార్కర్ (రంగు బాల్స్ కాల్చే పెయింట్‌బాల్ తుపాకీ) కొన్నాను. పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం ఉండే పాత బ్లోబ్యాక్ రకం (కాల్చిన గ్యాస్‌లో కొంత వెనక్కి తన్ని మళ్లీ దానంతటదే సిద్ధమయ్యేది). గ్యాస్ ఎక్కించగానే బ్యారెల్లోంచి సన్నగా బుస్సుమంటోంది. కప్ సీల్ (వాల్వ్‌లో గ్యాస్‌ని మూసి ఆపే బిళ్ల) కొత్తది వేశాను, అయినా ఆగలేదు. సరే, వాల్వ్ బాడీనే తీసి చూద్దామని గ్రిప్ ఫ్రేమ్ విప్పాను. బోల్టు, హ్యామర్ (లోపల వాల్వ్‌ని తట్టి తెరిచే ముక్క), స్ప్రింగులు అన్నీ వచ్చేశాయి. వాల్వ్‌ని పట్టి ఉంచే చిన్న సెట్ స్క్రూ కూడా అడుగు నుంచి తీసేశాను. వాల్వ్ మాత్రం వెంట్రుకవాసి జరగలేదు. చెక్క పుల్ల పెట్టి నెట్టి నెట్టి అరచెయ్యి ఎర్రబడింది. సుత్తితో రెండేస్తే అదే వస్తుందని రూమ్మేట్ అంటాడు, నాకు మనసొప్పట్లేదు. సిలిండర్ తీసేశాను, లోపల మిగిలిన గ్యాస్ కూడా ట్రిగ్గర్ నొక్కి ఖాళీ చేశాను. ఏం చేయమంటారు?

జెర్సీ_రెఫరీ

వారాంతాల్లో ఒక మైదానంలో రెఫరీగా చేస్తాను, అక్కడి అద్దె మార్కర్ల మరమ్మతు కూడా నాదే. నా మాట ఒక్కటే: ఆ వాల్వ్ బాడీని ముట్టుకోకండి. ఈ రకంలో కప్ సీల్, దాని స్ప్రింగు ముందు వైపు నుంచే వచ్చేస్తాయి, వాల్వ్ బాడీ తియ్యాల్సిన పనే లేదు. కొత్త కప్ సీల్ మొదట్లో కొంచెం కారడం మామూలే. గ్యాస్ పెట్టి, బాల్స్ లేకుండా ఓ పాతిక సార్లు కాల్చండి, సీల్ ఆనే సీటు అచ్చు దాని మీద పడితే కారడం తగ్గుతుంది. కప్ సీల్‌ని మోసే కాడ వంగిందేమో కూడా చూడండి, అద్దం మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. చక్కగా ఉన్న వాల్వ్‌ని శుభ్రం చేద్దామని విప్పి, దాని చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ తెగ్గొట్టుకుని మా దగ్గరికి తెచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

ఒహాయో_77

నాదీ ఇదే కథ. సాకెట్ సెట్‌లో ఉండే స్టీల్ ఎక్స్‌టెన్షన్ పెట్టి సుత్తితో కొట్టాను, రెండో దెబ్బకే ఊడొచ్చింది. మూడేళ్లయింది, ఇప్పటికీ ఆడుతున్నా. భయంగా ఉంటే ముందు మంట వచ్చే గ్యాస్ టార్చ్‌తో బాడీని కాస్త వేడి చెయ్యి బ్రో.

బాలానగర్_లేత్

తమ్మీ, ఆ సుత్తి పక్కన పెట్టు. ఆ టార్చ్ అయితే అసలే వద్దు. నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఇరవై ఏండ్లు లేత్ మీద పనిచేసిన, ఇప్పుడు కొడుకు దగ్గర హ్యూస్టన్‌లో ఉంటున్న. మనవడి మార్కర్లు నేనే విప్పుత.

ముందు టార్చ్ సంగతి. చానా మార్కర్ల బాడీ 6061 అల్యూమినియం. దానికి బలం ఊరికే రాదు, 170 డిగ్రీల దరిదాపుల గంటల తరబడి ఉంచి తెప్పిస్తరు. టార్చ్ మంట దాన్ని దాటించిందంటే ఆ జాగల లోహం మెత్తబడుతది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయితే మామూలు గది వేడికే 850 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఇస్తది, అదంతా ఓర్చుకునేది ఆ గొట్టమే. పోనీ వేడితోని వదులైతదా అంటే, అల్యూమినియం ఇత్తడికన్న ఎక్కువ సాగుతది, నిజమే. 18 మిల్లీమీటర్ల బోరు 60 డిగ్రీలు వేడెక్కితే వచ్చే తేడా నాలుగు మైక్రాన్ల చిల్లర. తల వెంట్రుక మందంల పదో వంతు కూడ కాదు.

ఇగ స్టీల్ రాడ్. కప్ సీల్ కూసునే సీటు అంచు ఇత్తడి. దాని మీద గోటితోని తెలిసే గీత పడ్డా చాలు, ఎన్ని కొత్త సీళ్లు ఏసినా కారుడు ఆగదు. ఒహాయో తమ్ముడికి అదృష్టం కలిసొచ్చింది.

అసలు వాల్వ్ ఎందుకు కదుల్తలేదో అది జూడాలె. స్క్రూ తీసినవు కదా, ఆ రంధ్రంల టార్చ్‌లైట్ ఏసి జూడు. పాత ఓనరు ఆ స్క్రూని గట్టిగ బిగించి ఉంటడు. మేము గ్రబ్ స్క్రూ అంటం దాన్ని. దాని మొన ఇత్తడిల దిగితే చుట్టూ అంచు లేస్తది, అరటి మొక్క నాటినప్పుడు గుంత చుట్టూ మన్ను లేచినట్టు. ఆ లేచిన అంచు బాడీ రంధ్రంల తాళం లెక్క కూసుంటది. నువ్వు ఎంత నెట్టినా అది రాదు, కొడితే బోరంతా గీసుకుంట వస్తది. థ్రెడ్‌కన్న సన్నది, మొన బల్లపరుపుగ ఉన్న పిన్ను రంధ్రంల పెట్టి, మెల్లగ తట్టి అంచును అణచు.

ఇంకోటి. ఇయర్ బడ్ కింద గొట్టంల తిప్పు. దూది పోగులు యాడ చిక్కుకుంటే ఆడ బర్, అంటే లేచిన పదును అంచు, ఉన్నట్టు. సియర్ (హ్యామర్‌ని పట్టి ఉంచే కొక్కెం) కదిలే సందు దగ్గర హ్యామర్ తగిలి తగిలి అంచు లేస్తది. దాన్ని వేలికి చుట్టిన 600 ఎమరీ పేపర్‌తోని రుద్దు, లేకుంటే వాల్వ్ దాటంగనే దాని మీది ఓ-రింగ్ కోసుకుపోతది.

జెర్సీ_రెఫరీ

బర్ సంగతి ఒప్పుకుంటాను పెద్దాయనా, ఆ దూది పరీక్ష మేమూ చేస్తాం. కానీ ఆ అబ్బాయికి వాల్వ్ తీసే అవసరమే ఇంకా రుజువు కాలేదు కదా. ఇంట్లో గ్యాస్ సిలిండర్‌కి చేసినట్టే సబ్బు నురగ పెట్టి చూడమనండి. బ్యారెల్ వైపే బుడగలొస్తే కప్ సీల్ లేదా సీటు. ట్రిగ్గర్ దగ్గర కూడా వస్తుంటే బయటి ఓ-రింగ్‌ని అనుమానించాలి. అప్పుడు తీయక తప్పదు.

ఇంకొక్క మాట, అందరికీ. మార్కర్ లోపలి వాల్వ్ వేరు, సిలిండర్ మెడ మీది వాల్వ్ వేరు. "వాల్వ్ విప్పండి" అనగానే రెండోది తిప్పేవాళ్లున్నారు. గ్యాస్ ఉన్న సిలిండర్ నుంచి అది ఊడితే సిలిండర్ రాకెట్‌లా లేస్తుంది. అమెరికాలో అలా ప్రాణాలు పోయాయి.

ఒహాయో_77

మరి డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేస్తే?

బాలానగర్_లేత్

నల్ల నైట్రైల్ ఓ-రింగ్‌కి పెట్రోలియం నూనెతోని పెద్ద నష్టం లేదు, జనం అనుకున్నంత కాదు. కాని గాలి సిలిండర్ వాడేటోళ్లు జాగ్రత్త. ఎక్కువ ఒత్తిడి గాలిల నూనె చుక్క ఉంటే డీజిల్ ఇంజన్ల లెక్క అంటుకుంటది. గాలి నింపే ఫిల్ నిప్పల్ దగ్గరికి అసలే పోనియ్యొద్దు. గాగుల్స్ అద్దం మీద పడనియ్యకు, పాలికార్బనేట్ అట్లాంటి వాటికి పగుళ్లు పడుతది.

నాకైతే గోరువెచ్చని నీళ్లే నయం. బాల్ పైపెంకు జెలటిన్, లోపల ఎక్కువ భాగం పాలిఎథిలీన్ గ్లైకాల్. రెండూ నీళ్లల్ల కరిగేటివే. ఎండితే మాత్రం జిగురు లెక్క పడుతయి.

డాలస్_శనివారం

చేశాను. సబ్బు నురగ పెడితే బ్యారెల్ దగ్గరా వచ్చింది, ట్రిగ్గర్ వెనకా వచ్చింది. అంటే తీయక తప్పలేదు, రెఫరీ అన్నా.

గోరువెచ్చని నీళ్లలో బాడీని ఇరవై నిమిషాలు ఉంచితే నారింజ రంగు జిగట కారింది. స్క్రూ రంధ్రంలో లైట్ వేసి చూస్తే పెద్దాయన చెప్పినట్టే, గుండ్రంగా మెరుస్తూ ఒక అంచు లేచి ఉంది. పాత అలెన్ కీ కొన అరగదీసి, రంధ్రంలో పెట్టి ఆరేడు సార్లు తట్టాను. తర్వాత అదే చెక్క పుల్లతో నెడితే "టక్" మని కదిలింది, చేత్తోనే బయటికొచ్చింది. సీటు మీద గీత లేదు. బయటి ఓ-రింగ్ మాత్రం ఒక చోట సగం దాకా తెగి ఉంది. సియర్ సందు దగ్గర దూది పోగులు చిక్కాయి. వాల్వ్ లోపలికి ఎక్కించేటప్పుడు అక్కడే తెగి ఉంటుంది, పాత ఓనర్ చేతిలో.

ఎమరీతో రుద్ది, కొత్త ఓ-రింగ్‌కి గ్రీజు రాసి ఎక్కించాను. స్క్రూ వేలితో ఆగేదాకా తిప్పి, పావు చుట్టు మాత్రం బిగించాను. ఇవాళ బాల్ వేగం కొలిచే క్రోనోలో 278, 283, 281 వచ్చింది. మా ఫీల్డ్ పరిమితి 285 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అడుగులు). బుస్సు ఆగిపోయింది.

జెర్సీ_రెఫరీ

సంతోషం తమ్ముడూ. ఓ-రింగ్ తెగిందని తేలాక తీయడమే సరి, అక్కడ నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ప్రతి సీజన్‌కీ విప్పకు.

బాలానగర్_లేత్

ఏడాదికోసారి విప్పి గ్రీజు మార్చాలె అంటనే నేను. రెండు చుక్కల నూనె ఏసి వదిలేసిన అద్దె మార్కర్లు ఎట్ల ఇరుక్కుంటయో చూసిన. అది వేరే ముచ్చట, వేరే పోస్టు పెట్టు రెఫరీ, ఆడ మాట్లాడుకుందాం.