సమస్యాపూరణం: చావు చీటితోడ సాగె బతుకు

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. బ్రెడ్డు పిండి పొంగించే ఈస్టు కణం మీదే పూరించాలి. గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు మెథియోనిన్, సిస్టీన్. వాటిని తయారుచేసే జన్యువులను లేపే ప్రోటీన్ మెట్4. ఆ సరుకు నిండుగా ఉంటే మెట్30 అనే ఇంకో ప్రోటీన్ దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ల గొలుసు తగిలించేలా చేస్తుంది. మామూలుగా ఆ గొలుసు పడ్డ ప్రోటీన్‌కి చావు చీటి అందినట్టే, ప్రోటియాసోమ్ అనే, ప్రోటీన్లను నరికే కణయంత్రంలో ముక్కలైపోతుంది. ఈ సంగతి కనిపెట్టినవాళ్లకే 2004 కెమిస్ట్రీ నోబెల్. మరి మెట్4?

బయోకెమిస్ట్రీ మాస్టారు:
మూడుపదుల మెట్టు ముద్ర వేసిన నేమి
నాల్గు మెట్టు తాను నలగలేదు
గంధకమ్ము తగ్గ కణము లేపెను దాని
చావు చీటితోడ సాగె బతుకు

నిర్వాహకుడు: 'మెట్'ని 'మెట్టు' చేశారు, ల్యాబులో నవ్వినా గణాలకు సరిపోయింది. చిక్కంతా మూడో పాదంలోనే. గంధకం తగ్గాక చీటి ఉండదు కదా! చీటి ఉన్నంతసేపూ మెట్4 చావదు, కానీ పనీ చెయ్యదు. ఎందుకు చావదంటే, తన గొలుసును తనలోని ఒక భాగమే పట్టుకుని పొడవు పెరగనివ్వదు. అది రావాలి.

మాస్టారు: నిజమే, వరస తప్పాను. ఇలా మారుస్తున్నా:
కట్టు గొలుసు నెల్ల కడుపులో దాచగా

నిర్వాహకుడు: భేష్! ఈస్టును పెంచే మీడియాన్ని (పోషక ద్రావణాన్ని) బట్టి మెట్4 నలిగిపోయే సందర్భాలూ ఉన్నాయి, అది ఇంకో పద్యానికి.

కొత్త సభ్యుడు: మొదటి ప్రయత్నమండీ, టెన్షన్‌గా ఉంది.
కణపు తీగ పట్ట గాలించె మెట్‌ఫోరు
చేయి లేని వాడు తోడు పట్టి
సీబియెఫ్ఫు భుజము చేరి తా నిలువగా
చావు చీటితోడ సాగె బతుకు

నిర్వాహకుడు: విషయం బాగా పట్టావు బాబూ. మెట్4 సొంతంగా డీఎన్‌ఏని పట్టుకోలేదు, సీబీఎఫ్1 లాంటి తోడు ప్రోటీన్ కావాల్సిందే. రెండో పాదంలో 'చే'కి 'తో' యతి కుదరదు. 'చెలిమి పట్టి' అను, సరిపోతుంది. అయితే చావు చీటి ఎక్కడ? మూడు పాదాలూ దాని ఊసే ఎత్తలేదు, సమస్య అతికించినట్టుంది.

మరో సభ్యురాలు:
కాడ్మియమ్ము సోకఁ గణమెల్ల వణకంగ
ముద్ర వేయు చేయి ముడుచుకొనెను
విడిన నాల్గు మెట్టు విషమును విరువగా
చావు చీటితోడ సాగె బతుకు

మాస్టారు: అమ్మా, ఇక్కడ చావు చీటి కాడ్మియం అనే విషలోహమే, బతికింది కణం! విషం సోకగానే మెట్30 ముద్ర వేసే తన జట్టు నుంచి విడిపోతుంది, మెట్4 పనిలోకి దిగుతుంది. అప్పుడు సిస్టీన్ తయారై, దాంతో గ్లూటాథయోన్ అనే చిన్న అణువు తయారయ్యి, అది కాడ్మియాన్ని పట్టేస్తుంది. నాకు తట్టనే లేదు.

నిర్వాహకుడు: ఈ వారం ఇదే మేటి. 'సోకఁ గణము' దగ్గర సరళాదేశం ('క' 'గ'గా మారడం) కూడా మర్చిపోలేదు చూశారా!