అప్‌డేట్: కార్డ్‌లెస్ నెయిల్ గన్ (బ్యాటరీతో మేకులు కొట్టే మెషిన్) తీసుకున్నాను

తలుపు ఫ్రేముల చుట్టూ బీడింగ్ (సన్నటి చెక్క పట్టీ) కొట్టడానికి 18 గేజ్ మంచిదా, 16 గేజా అని అడిగాను కదా (గేజ్ అంటే మేకు మందం కొలత, అంకె పెద్దదైతే మేకు సన్నం). మీరు చెప్పినట్టే 18 తీసుకున్నాను, థాంక్స్. మేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లే కాబట్టి సన్నటి బీడింగ్ చీలడం లేదు, రంధ్రం కాస్త పుట్టీతో మాయమవుతోంది. బరువు మోసే చోట మాత్రం స్క్రూలే వాడుతున్నాను. గాలితో నడిచే గన్‌లకుండే కంప్రెసర్, పైపు గోల లేకపోవడం ఎంత హాయో! కాకపోతే బ్యాటరీతో కలిపి బరువే, తల పైకెత్తి పనిచేస్తే చెయ్యి లాగేస్తుంది.

గట్టి చెక్కయితే ముందు అదే చెక్క ముక్క మీద కొట్టి చూసి లోతు సర్దుకోండి. దయచేసి ఇది గుర్తుంచుకోండి: మేకు చెక్క నార వెంట వంగి పక్కనుంచి బయటికి రావచ్చు. పట్టుకున్న చెయ్యిని మేకు పొడవు కంటే బాగా దూరంగా ఉంచండి. మేకు ఇరుక్కుంటే బ్యాటరీ తీశాకే ముట్టుకోండి.